ఎండతో కాపురం

ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం ఉత్తరాల్లో ప్రశ్న ఒకటే: "ఏది కొనమంటారు?" అని. ఏసీలు, కూలర్లు, ఫ్యాన్లు విప్పి బిగించి బతికినవాణ్ని నేను. కొనమని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. కానీ ఇళ్లకు వెళ్లి చూస్తే చాలాసార్లు తేలిందేమిటంటే, ఆ ఇంటికి కావలసింది ఇంకో మెషీను కాదు, వేడి వచ్చే దారి మూయడం. అందుకే కొనే మాట వెనక్కి నెట్టి జవాబులు రాస్తున్నాను. ఒంటికి సంబంధించిన చోట డాక్టర్లు చెప్పేదే చెప్తాను, సొంత వైద్యం లేదు.

ప్రశ్న: మాది పై అంతస్తు. సాయంత్రానికి బయట చల్లబడుతుంది, మా గది మాత్రం రాత్రి పదకొండుకి కూడా ఉడికిస్తూనే ఉంటుంది. టన్నున్నర ఏసీ సరిపోవడం లేదు. రెండు టన్నులది పెట్టించుకోమంటారా?

వద్దు. రేపు మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి సీలింగుకి అరచెయ్యి ఆనించండి. (ఫ్యాన్ ఆపడం మాత్రం మర్చిపోకండి.) మళ్లీ రాత్రి తొమ్మిదింటికి ఆనించి చూడండి. తొమ్మిదింటికే ఎక్కువ వేడిగా తగిలితే దొంగ దొరికినట్టే. కాంక్రీటు స్లాబు పొద్దుట్నుంచీ ఎండను తాగుతుంది. ఆ వేడి దాని మందం దాటి కిందికి దిగడానికి గంటలు పడుతుంది. బయట ఎండ పోయాక మీ గదిలో మొదలవుతుందన్నమాట.

చిన్న లెక్క చెప్తాను. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల వేడి పడుతుంది. పదడుగులకు పదడుగుల గది అనుకున్నా పైకప్పు తొమ్మిది చదరపు మీటర్లకు పైనే. అంటే దాని నెత్తిన తొమ్మిది కిలోవాట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ బయటికి తోడే వేడి మూడున్నర కిలోవాట్లు, మీ టన్నున్నరది అయిదు చిల్లర. పడిన వేడంతా లోపలికి రాదు, కొంత తిరిగిపోతుంది, కొంత గాలికి పోతుంది. అయినా మీ మెషీను ఎవరితో కుస్తీ పడుతోందో అర్థమైంది కదా. రెండు టన్నులది పెడితే కుస్తీ ఆగదు, బిల్లు పెరుగుతుంది.

ముందు పైకప్పుకి తెల్ల పూత వేయించండి. ఎండను తిప్పికొట్టే పూతలు దొరుకుతాయి, లేదంటే తెల్ల సున్నమైనా సరే. నల్లబడిన కప్పుకీ తెల్లటి కప్పుకీ తేడా మధ్యాహ్నం పూట చెప్పులు లేకుండా ఒక్క అడుగు వేస్తే తెలిసిపోతుంది. దుమ్ము పడితే తెలుపు పని చేయదు కాబట్టి అప్పుడప్పుడూ కడగాలి. పూత కంటే మేలైనది నీడ. కప్పుకి కాస్త ఎత్తున షేడ్ నెట్ కట్టి, కింద గాలి ఆడేలా వదిలితే ఎండ స్లాబు దాకా రాదు. కప్పు మీద నీళ్లు చల్లడం పనిచేస్తుంది గానీ, చల్లబరిచేది నీళ్లు కాదు, ఆ నీళ్లు ఆవిరవడం. పల్చగా చల్లితే చాలు. మడుగు కట్టిస్తే స్లాబు నానుతుంది, ఆ తర్వాత మీరు ఉత్తరం రాయాల్సింది నాకు కాదు, మేస్త్రీకి.

తర్వాత పడమటి కిటికీ. మీరు లోపల మందపాటి కర్టెన్ వేసి ఉంటారు, అందరూ అదే చేస్తారు. ఎండ అద్దం దాటి వచ్చేశాక కర్టెన్‌కి తగిలి ఏం లాభం? ఆ వేడి అద్దానికీ గుడ్డకీ మధ్య చిక్కుకుని గదిలోకే వస్తుంది. నీడ కిటికీకి బయట ఉండాలి. వెదురు తడిక, షేడ్ నెట్, తలుపురెక్క, ఏదైనా సరే. బయట కట్టే వీల్లేని అద్దె ఇంట్లో అద్దానికి ఆనించి తెల్ల అట్టముక్క పెట్టండి. బయట కట్టినంత కాదు గానీ కర్టెన్ కంటే నయం.

ఇక రాత్రి. బయట గాలి లోపలి గాలి కంటే చల్లబడిన నిమిషం నుంచి కిటికీలు తెరవాలి, ఎండెక్కక ముందే మూయాలి. మధ్యాహ్నం "గాలి రావాలి" అని తెరిచిపెట్టే అలవాటుంది చూడండి, బయట నలభై రెండు ఉన్నప్పుడు వచ్చేది ఆ నలభై రెండే. గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి చిన్న థర్మామీటర్లు పెట్టుకుంటే ఎప్పుడు తెరవాలో వాదించుకోనక్కర్లేదు. రాత్రి టేబుల్ ఫ్యాన్‌ని మొహానికి కాకుండా ఒక కిటికీలోంచి బయటికి తిప్పి పెట్టండి. అది లోపలి వేడిని తోస్తుంటే ఎదురు కిటికీలోంచి చల్లగాలి దానంతటదే వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా టన్నున్నర చాలకపోతే అప్పుడు రాయండి.

ప్రశ్న: ఫ్యాన్ ముందు గిన్నెలో ఐసు పెడితే ఏసీ అంత చల్లగా ఉంటుందని వీడియోలో చూపించారు. నిజమేనా?

కేజీ ఐసు కరిగితే 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. అంతే వేడిని ఒక టన్ను ఏసీ నిమిషంన్నరలో తోసేస్తుంది. మీ గిన్నెడు ఐసు గంటసేపు కరిగి చేసే పని అది. ఇంకో సంగతి, ఆ ఐసు మీ ఫ్రిజ్‌లోనే చేశారు కదా! నీళ్లలోంచి లాగిన వేడినీ, తన మోటారు వేడినీ కలిపి ఆ ఫ్రిజ్ మీ ఇంట్లోకే వదిలింది. ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి కూర్చునేవాళ్లకీ ఇదే జవాబు. ముందు నిలబడితే చల్లగా ఉంటుంది, ఇల్లు మాత్రం వేడెక్కుతుంది.

ఐసుని గాలికి కాకుండా ఒంటికి వాడండి. గుడ్డలో చుట్టి మెడ మీద, చంకల్లో పెట్టుకుంటే ఆ కొంచెమే బోలెడు హాయినిస్తుంది.

ప్రశ్న: పోయిన నెల వరకు కూలర్ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు అదే కూలర్, అదే గది, ఒళ్లంతా జిడ్డు. కిటికీలన్నీ బిగించే వాడుతున్నాం. ప్యాడ్లు మార్చాలా?

ప్యాడ్ల మాట తర్వాత, ముందు ఆ కిటికీ తెరవండి. ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది కాబట్టి తలుపులు మూస్తాం. కూలర్ బయటి గాలిని తడి ప్యాడ్ల గుండా లాగి లోపలికి తోస్తుంది. ఆ గాలికి వెళ్లడానికి దారి లేకపోతే తేమ గదిలోనే పేరుకుపోతుంది. కూలర్ వెనక భాగం కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి వైపు ఇంకో కిటికీ తెరిచి ఉండాలి.

అయినా మీ అసలు ఇబ్బంది వాతావరణం మారడం. కూలర్ చేసే పనంతా నీటిని ఆవిరి చేయడమే. గాలి పొడిగా ఉంటే ఆవిరి జోరుగా అవుతుంది, గాలిలో అప్పటికే తేమ ఉంటే అవదు. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున మంచి కూలర్ 28 దగ్గర గాలి ఇవ్వగలదు. బయట 35 డిగ్రీలే ఉండి తేమ 70 శాతానికి చేరితే అదే కూలర్ 31కి దించడానికి ఆపసోపాలు పడుతుంది, పైగా ఆ గాలి తడితడిగా ఉంటుంది. ఎండ తగ్గింది కదా, హాయిగా ఉండాలి కదా అనుకుంటాం. మన ఒళ్లు కూడా చెమటతో నడిచే కూలరే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారి నేల మీద పడ్డ చెమట వల్ల వచ్చేది ఉప్పు నష్టమే తప్ప చల్లదనం కాదు. అందుకే ఉక్కపోత రోజుల్లో డిగ్రీలు చూసి నిశ్చింతగా ఉండకూడదు, తేమ శాతం కూడా చూడాలి.

ఉక్కపోత మొదలయ్యాక కూలర్‌లో నీళ్లు ఆపేసి ఉత్త ఫ్యాన్‌గా వాడుకోండి. ట్యాంకు మాత్రం ఖాళీ చేసి ఆరబెట్టండి. నిలవ నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు మొదటి ఆధునిక ఏసీని తయారుచేసింది మనుషుల కోసం కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం సాగుతూ, ముడుచుకుపోతూ రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమని అదుపులో పెట్టడానికి పుట్టిన మెషీను అది. అందుకే మీ ఏసీ పైపులోంచి బకెట్ల కొద్దీ నీళ్లు కారుతుంటే కంగారు పడకండి. సగం హాయి ఆ నీళ్లు గదిలోంచి పోవడం వల్లే.

ప్రశ్న: మా ఏసీకి ఏటా గ్యాస్ అయిపోతుంది. సర్వీసుకి వచ్చిన అబ్బాయి ప్రతిసారీ నింపి వెళ్తాడు. వాడుతుంటే అయిపోవడం మామూలేనట. ఎంతకాలానికోసారి నింపించాలి?

లీకు లేకపోతే ఎప్పటికీ నింపక్కర్లేదు. ఏసీలో గ్యాస్ పెట్రోలు కాదు, ఖర్చయిపోవడానికి. మూసిన రాగి గొట్టంలో అదే గ్యాస్ లోపల ఆవిరవుతూ వేడి పీల్చుకుని, బయట ద్రవమవుతూ వదిలేస్తూ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. కారే చోటు పట్టకుండా నింపినవాడు వచ్చే ఏడాది బేరం కూడా ఇప్పుడే మాట్లాడుకున్నట్టు. నా వృత్తివాళ్లకి కోపం వచ్చినా సరే, ఇది రాయాల్సిందే.

ఈసారి వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడండి. బయటి యూనిట్ పక్కన రెండు రాగి గొట్టాలు ఇత్తడి నట్లతో బిగించి ఉంటాయి. ఆ నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక ఉండి, దానికి దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే లీకు అక్కడే ఉందని అనుమానించాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా వస్తుంది మరి. సబ్బు నురగ రాసి చూడమనండి, బుడగలొస్తే ఖాయం. లీకు కట్టాక గొట్టాల్లో గాలి లేకుండా వాక్యూమ్ పంపుతో లాగి, యూనిట్ లేబుల్ మీద రాసిన బరువు ప్రకారం గ్యాస్‌ని కాటా మీద తూచి ఎక్కించాలి. చేత్తో గొట్టం పట్టుకుని "చాలు" అనేవాణ్ని నమ్మకండి. లేబుల్ మీద ఏ గ్యాస్ పేరుంటే అదే పోయాలి. ఇప్పటి మెషీన్లలో ఎక్కువగా వచ్చే ఆర్-32కి కొంచెం మండే గుణం ఉంది, తెలియనివాడి చేతికి ఇవ్వొద్దు.

ఇంతకీ చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్ తప్పు కాదు. లోపల ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా గాలి ఆడక కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల వరుస) మీద మంచు గడుతుంది. బయటి యూనిట్ గోడకి మరీ ఆనుకుని ఉన్నా, దాని ముందు సామాను పేర్చినా వేడి వెళ్లే దారి ఉండదు. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. దీనికి ఎవర్నీ పిలవక్కర్లేదు.

ప్రశ్న: మా మామగారికి 78 ఏళ్లు. ఇంత ఎండలోనూ ఫ్యాన్ వద్దంటారు, పైన స్వెట్టర్ కూడా! నీళ్లిస్తే దాహం లేదంటారు. ఎక్కువ చెప్తే "మాకు తెలియని ఎండలా?" అంటారు. ఏం చెయ్యను?

ఆయన మొండితనం చేయడం లేదమ్మా. వయసు మీదపడితే ఒంటికి వేడి తెలిసే తీరు మందగిస్తుంది, దాహం సరిగ్గా వేయదు, చెమటా తక్కువ పడుతుంది. ఆయనకి నిజంగానే చలిగా అనిపిస్తూ ఉండొచ్చు, లోపల మాత్రం ఒళ్లు వేడెక్కుతూ ఉండొచ్చు. కాబట్టి ఆయన్ని అడిగి నిర్ణయించకండి, గదిలో థర్మామీటరు చూసి నిర్ణయించండి.

ఫ్యాన్ నేరుగా మీద పడకుండా గోడకి తిప్పి పెట్టండి, అభ్యంతరం చెప్పరు. "తాగండి" అనకుండా చిన్న గ్లాసుతో చేతికిచ్చి పక్కన కూర్చుని మీరూ తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్లు చాలడం లేదని లెక్క. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్లకి కొలత పెట్టి ఉంటే మాత్రం ఎండాకాలానికి ఆ కొలత ఎంతో ఆయన్నే అడగండి. అలాగే మూత్రం ఎక్కువ పోయే మందులు, కొన్ని బీపీ మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఎండ దెబ్బకి ఒంటిని తేలిగ్గా లొంగదీస్తాయి. వాడే మందుల చీటీ డాక్టరుకి చూపించండి, మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంకో మాట, ఫ్యాన్ గురించే. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటని ఆరబెడుతుంది. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటికి వేడినే తోస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చెమట తక్కువ పట్టే పెద్దవాళ్లకి ఆ ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. అలాంటి మధ్యాహ్నాల్లో ఆయన చేతులు, మెడ, పాదాలు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. తడి ఉంటే ఫ్యాన్‌కి చేయడానికి పని ఉంటుంది.

మాట తడబడుతున్నా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. ఒంటి లోపలి వేడి 40 దాటితే అవయవాలు దెబ్బతింటాయి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదులే అనుకోవద్దు. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేలోపు చల్లబరచడం మొదలుపెట్టండి. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి, చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడికి అది పనిచేయదు.

ప్రశ్న: వారం క్రితం లోడింగ్ పనిలో చేరాను. పక్కనున్న పాతవాళ్లు బాగానే ఉన్నారు, నాకు మాత్రం మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతున్నాయి. నాలో ఏదైనా జబ్బుందా?

కొత్తదనమే కారణం కావచ్చు బాబూ. ఒళ్లు ఎండకి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటైన ఒంటికి చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. పాతవాళ్లకి వచ్చిన ఆ సదుపాయం నీకింకా రాలేదు. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం, కొత్తవాణ్ని మొదటి రోజు ఎండలో పూర్తి పనిలో 20 శాతమే చేయించాలి, ఆ తర్వాత రోజుకి 20 శాతం చొప్పున పెంచాలి. మీ మేస్త్రీ ఇది వింటే నవ్వుతాడేమో, అయినా చెప్పు. కొత్తవాళ్లే ఎక్కువగా పడిపోతారన్నది ఎండలో పని చేయించేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

నీళ్లు దాహమేశాక కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. అలాగని గంటకి లీటరున్నర దాటొద్దు. ఉప్పు లేకుండా నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే. గంటల తరబడి చెమట కారే పని కాబట్టి మధ్యలో ఓఆర్ఎస్ తాగు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లకి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలుపుకో. బట్టలు వదులుగా, పొడుగు చేతులవి వేసుకో. బిగుతు టీషర్టు కంటే వదులు చొక్కాలోనే గాలి ఆడుతుంది, చర్మం మీద ఎండా పడదు.

కళ్లు తిరగడం మొదలైతే "ఈ ఒక్క లోడు అయ్యాక" అనుకోవద్దు, అప్పుడే దించెయ్. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టరుకి చూపించుకో. నెల రోజులు సెలవు పెట్టి వస్తే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి.

ప్రశ్న: మీరు ఎప్పుడూ స్లాబులూ ఏసీలూ అంటారు. మాది రేకుల గది, అద్దెది. మాలాంటివాళ్లకి చెప్పేదేమైనా ఉందా, లేక పేజీ తిప్పేయమంటారా?

కోపం న్యాయమైనదే. రేకుకి ఒక చెడ్డ గుణం, ఒక మంచి గుణం ఉన్నాయి. పల్చన కాబట్టి ఎండ తగలగానే కాలిపోతుంది, ఆ వేడిని గాలితో పని లేకుండా సూటిగా కిందున్న మీ తల మీదికి పంపుతుంది. గదిలో గాలి మరీ వేడిగా లేకపోయినా మాడు మండుతున్నట్టు ఉండేది అందుకే. మంచి గుణమేమిటంటే, పొద్దుగూకాక స్లాబు కంటే చాలా ముందే చల్లబడుతుంది. కాబట్టి మీ యుద్ధం పగటితోనే.

రేకుకీ మీకూ మధ్య ఇంకో పొర కావాలి. రేకుకి జానెడు కింద ఒక చివర నుంచి ఇంకో చివరకి తాళ్లు లాగి, వాటి మీద గట్టి బట్టో, చాపలో, పాత పరదానో పరవండి. రేకుకి అంటకూడదు, రెండు చివరలా ఖాళీ వదలాలి. అప్పుడు రేకు వేడి ఆ పొరకి తగిలి ఆగుతుంది, మధ్యలో వేడెక్కిన గాలి చివర్ల నుంచి జారుకుంటుంది. థర్మోకోల్ షీట్లు కట్టొద్దు. చల్లగా ఉంచుతాయి, నిజమే, కానీ నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి. వైర్లు, పొయ్యి ఉన్న వైపు బట్ట కూడా కట్టకండి.

ఇంటి యజమాని ఒప్పుకుంటే పైన తెల్ల రంగు వేయించండి. తక్కువ ఖర్చులో దాన్ని మించింది లేదు. సిమెంటు రేకులైతే మీరు పైకెక్కొద్దు, కాలు పెడితే విరిగే రకం అవి. ఆ రేకుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు, వాటిని గీకడం, కోయడం, బెజ్జాలు వేయడం చేయకండి. ఇవేవీ కుదరని రోజున పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ గదిలో ఉండకపోవడమే మంచిది. చెట్టు నీడ గది నీడ కంటే చల్లన, ఎందుకంటే ఆకులు కూడా నీటిని ఆవిరి చేస్తుంటాయి.

ప్రశ్న: మా పాపకి మూడు నెలలు. మెడ చుట్టూ చెమటకాయలు. ఎండ తగలకుండా పాపని పడుకోబెట్టి తోసే బండి మీద పల్చటి గుడ్డ కప్పి తిప్పుతున్నాను. మధ్యమధ్య నీళ్లు పట్టొచ్చా?

గుడ్డ తీసేయండి. ఎంత పల్చనిదైనా లోపల గాలి ఆడదు, నిమిషాల్లో వేడి పెరుగుతుంది. నీడ కావాలంటే గొడుగు పట్టండి. నీళ్లు వద్దు, ఆరు నెలల లోపు పాపాయికి ఎండాకాలంలో కూడా పాలే చాలు. కాకపోతే మామూలు కంటే ఎక్కువసార్లు పట్టాలి. చెమటకాయలకి క్రీములు దట్టంగా పూస్తే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. పౌడరు చల్లితే పాప ఊపిరిలోకి వెళ్తుంది. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, మెడ మడతలు పూర్తిగా ఆరనిచ్చి, వదులు నూలు బట్ట వేయండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అడక్కపోయినా ఇంకోటి. ఆపిన కారులో పాపని ఒక్క నిమిషం కూడా వదలొద్దు. పది నిమిషాల్లో లోపల 11 డిగ్రీల దాకా పెరగగలదు, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు.

ప్రశ్న: రాత్రి డ్యూటీ. పగలు పడుకోవాలి. నిద్ర పట్టదు, పట్టినా చెమటతో మెలకువ వస్తుంది.

ఇంట్లో అన్నిటికంటే కింది అంతస్తులో, పడమటి గోడ లేని గది చూసుకోండి. ఫోమ్ పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, దాని బదులు నేల మీద చాప వేసుకుని పడుకోండి. పడుకునే ముందు స్నానం చన్నీళ్లతో కాదు, గోరువెచ్చని నీళ్లతో చేయండి. మరీ చల్లటి నీళ్లకి చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. ఒళ్లు పూర్తిగా తుడుచుకోకుండా ఫ్యాన్ కిందికి వెళ్లండి.

ప్రశ్న: నాకు ఏసీ 18లో ఉంటే గానీ నిద్ర రాదు. మా ఆవిడకి 28లోనూ చలే. రోజూ రిమోట్ కోసం గొడవ. ఎంతలో పెట్టాలో మీరే తేల్చండి.

18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందని మీ నమ్మకం అయి ఉంటుంది. అవదు. గది వేడిగా ఉన్నప్పుడు 24 పెట్టినా మెషీను తన శక్తి కొద్దీ పనిచేస్తుంది, 18 పెట్టినా అంతే. తేడా ఎక్కడంటే, 24 దగ్గర విశ్రాంతి తీసుకోవాల్సింది 18 కోసం రాత్రంతా మోస్తూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఏమిటంటే 27లో పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి, ఫ్యాన్ వల్ల ఇంకో నాలుగు డిగ్రీలు తక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక్కసారిగా 27కి రావడం మీ వల్ల కాదు, తెలుసు. ఈ వారం 24, వచ్చే వారం 25 అలా రండి.

ఫ్యాన్ మాత్రం సీలింగుది కాకుండా టేబుల్‌ది తెచ్చి మీ వైపు మాత్రమే తిప్పుకోండి. ఇక మీ ఆవిడ మంచంలో ఏ పక్కన పడుకుంటారో చూడండి. ఏసీ గాలి నేరుగా ఆవిడ మీదికి వస్తుంటే మీరు 28 పెట్టినా 30 పెట్టినా చలే వేస్తుంది. లూవర్ (ఏసీ ముందు గాలిని మళ్లించే రెక్క) పైకి తిప్పండి, గాలి సీలింగుని తాకి గదంతా పరుచుకుంటుంది. అప్పటికీ చలంటే ఇద్దరూ పక్కలు మార్చుకోండి.